పద్నాలుగు పాస్‌పోర్టులూ టేబుల్ మీదికి వచ్చాకే టికెట్ల మాట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు విదేశాలకు గుంపుగా వెళ్లడం గురించే ఉన్నాయి. మూడింటికి జవాబు రాస్తున్నా. మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను, అందులో అడిగినవి మిగతావాళ్లకూ పనికొస్తాయి కాబట్టి.

ప్రశ్న: మేం తిరుపతిలో రిటైరైన టీచర్లం, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్లు, మా మనవరాలితో కలిపి 14 మందిమి. రోజూ పొద్దున ప్రకాశం పార్కులో కలిసి నడుస్తాం. రెండేళ్లు చీటీ వేసుకుని సింగపూర్, మలేషియా చూసిరావాలని డబ్బు కూడబెట్టాం. మనవరాలికి 12 ఏళ్లు, మాలో పెద్దామెకు 71. ఒక ఏజెంటు ఈ వారంలోనే అడ్వాన్సు కట్టమంటున్నాడు, లేకపోతే రేటు పెరిగిపోతుందట. కట్టేయమంటారా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: టీచరమ్మా, ఈ వారం కట్టకండి. ముందు ఒక సాయంత్రం అందరినీ మీ ఇంటికి పిలవండి, కాఫీ పెట్టండి, వచ్చేటప్పుడు పాస్‌పోర్టు తెచ్చుకోమని చెప్పండి. ఫోనులో ఫోటో కాదు, పుస్తకమే తేవాలి. పద్నాలుగూ టేబుల్ మీద పెట్టి ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసి ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ మీ చేత్తోనే రాయండి. ఈ ఒక్క పనీ చేస్తే సగం ట్రిప్పు ప్లాన్ చేసినట్టే.

గడువు దగ్గరే అందరూ పొరపాటు పడతారు. వెళ్లే రోజుకు పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉంటే చాలనుకుంటాం. సింగపూర్‌కైనా మలేషియాకైనా ఆ దేశంలో దిగేనాటికి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. కొన్నేళ్ల కిందట మా బంధువులం తొమ్మిదిమంది బయల్దేరితే, చెన్నై ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్ ఇచ్చే కౌంటరు దగ్గర మా పెద్దక్కను పక్కకు నిలబెట్టారు. ఆమె పాస్‌పోర్టుకు ఐదు నెలల చిల్లర మాత్రమే మిగిలుంది. కౌంటరులో ఉన్న అమ్మాయి తప్పేమీ లేదు, చూసుకోవాల్సింది మేమే. అక్క, బావ బ్యాగులు తీసుకుని రాత్రి పదకొండింటికి టాక్సీలో తిరిగి తిరుపతికి బయల్దేరారు, మేం ఏడుగురం విమానం ఎక్కాం. ఎక్కామనే కానీ ఆ ఐదు రోజులూ ఎవరికీ మనసు మనసులో లేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మనవరాలి పాస్‌పోర్టు ఇంకా జాగ్రత్తగా చూడండి. పెద్దవాళ్లకు పదేళ్లకు ఇస్తారు, పిల్లలకు ఐదేళ్లకే. ఒకటో తరగతిలో ఉండగా తీయించిందైతే ఇప్పటికే అయిపోయి ఉంటుంది. రెన్యువల్‌కు మన తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, మామూలు 36 పేజీల పుస్తకానికి పెద్దవాళ్లకు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000 అదనం. పోలీసు వెరిఫికేషన్ పడితే ఎన్నాళ్లు పడుతుందో ముందే లెక్కేయలేం కాబట్టి ప్రయాణానికి మూడు నెలల ముందే ఆ పని అయిపోవాలి. పాప అమ్మానాన్నలు వెంట రావడం లేదు కదా, 'మా బిడ్డను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అమ్మమ్మతో పంపుతున్నాం' అని ఇద్దరూ సంతకాలు చేసిన నోటరీ కాగితం, వాళ్ల గుర్తింపు కార్డుల కాపీలు, పాప బర్త్ సర్టిఫికెట్ మీ చేతి సంచిలో పెట్టుకోండి. ఇమిగ్రేషన్‌లో అడక్కపోవచ్చు. అడిగితే మాత్రం ఆ నిమిషంలో చేతిలో ఉండాలి.

పేర్ల సంగతి మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటిది, పాన్ కార్డులో ఇంకోలా. టికెట్టుకు, వీసాకు ఇవేవీ లెక్కలోకి రావు, పాస్‌పోర్టులో ఉన్నదొక్కటే లెక్క. ఫోటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలు కనిపిస్తాయి చూడండి, అందులో పై వరుసలో దేశం కోడ్ తర్వాత ముందుగా వచ్చేది ఇంటిపేరు, రెండు బాణాలు దాటాక వచ్చేది పేరు. ఏజెంటుకు వాట్సాప్‌లో పేర్లు టైపు చేసి పంపకండి, ఆ పేజీని స్కాన్ చేసి పంపండి. టికెట్టు వచ్చాక మీ నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూడండి. ఎవరికైనా ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, ఇప్పుడు ఇబ్బంది లేకపోయినా వీలు చూసుకుని చేర్పించుకోవడం మంచిది. దుబాయ్ వైపు 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టు మీద విజిట్ వీసాతో రానివ్వడం లేదు. ఇరుగుపొరుగు వాళ్లలో టెన్త్ చదవని పెద్దవాళ్లుంటే పాస్‌పోర్టులో ఈసీఆర్ (దేశం దాటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలన్న గుర్తు) అని ఉండొచ్చు. అది ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసం పెట్టింది, టూరిస్టుగా వెళ్లడానికి అడ్డు కాదు. రిటర్న్ టికెట్టు, హోటల్ బుకింగు కాగితాలు మాత్రం దగ్గర పెట్టుకోవాలి. యాభై దాటినవాళ్లు రెన్యువల్ అప్పుడు దాన్ని తీయించేసుకోవచ్చు కూడా.

ఇక రేటు పెరుగుతుందన్న భయం. టికెట్ల ధరలు పెరిగే మాట నిజమే, అయితే పాస్‌పోర్టు సరిగా లేని మనిషికి ఎంత చవగ్గా కొన్నా ఆ టికెట్టు దండగే. పది మందికి పైగా ఉంటే విమాన సంస్థలు సాధారణంగా గ్రూప్ ఫేర్ అని వేరే ఇస్తాయి, కొంత అడ్వాన్సు కట్టి సీట్లు పట్టుకుని పేర్లు తర్వాత ఇచ్చే వీలు కూడా ఉంటుంది. ఏజెంటును సూటిగా అడగండి: మాది గ్రూప్ ఫేరా, పేర్లు ఎప్పటిలోగా ఇవ్వాలి, ఒక్కరు మానుకుంటే ఎంత కోస్తారు? నోటిమాట వద్దు, కాగితం మీద రాసిమ్మనండి. అదే కాగితంలో సింగపూర్ వీసా ఫీజు కలిసిందా, ఇన్సూరెన్సు కలిసిందా, మధ్యాహ్నం భోజనం ఉందా, తిరుపతి నుంచి చెన్నైకి బస్సు ఉందా, అక్కడ డ్రైవరుకు గైడుకు ఇచ్చే టిప్పులు ఎవరివి, ఇవన్నీ ఉండాలి. తక్కువ రేటు చెప్పినవాళ్ల దగ్గర ఎక్కువగా మాయమయ్యేవి మధ్యాహ్నం భోజనాలే. ఇంకో మాట, 14 మంది అంటే ఏడు గదులు. ఒకరు చివర్లో మానుకుంటే ఆ గదిలో మిగిలిన ఆమె ఒంటరి గది రేటు కట్టాల్సి వస్తుంది. ఆ తేడా మానుకున్నామె భరించాలా, అందరూ పంచుకోవాలా అన్నది ఆ కాఫీ సాయంత్రమే తేల్చుకుని నోటుబుక్కులో రాసి అందరితో సంతకం పెట్టించండి. పాతికేళ్ల స్నేహాల్లో సంతకాలేంటి అనిపిస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించేది. స్నేహం నిలవాలంటేనే అది కావాలి.

చీటీ డబ్బంతా మీ ఒక్కరి ఖాతాలో వేసుకుని మీ పాన్ మీద ప్యాకేజీ మొత్తం కట్టకండి, దయచేసి. విదేశీ ప్యాకేజీల మీద టీసీఎస్ అని పన్ను ముందుగా వసూలు చేస్తారు, దాని రేటు బడ్జెట్లను బట్టి మారుతూ వస్తోంది. అది ఎవరి పాన్ మీద కడితే వాళ్ల ఖాతాలోనే పడుతుంది, రిటర్న్ వేసినప్పుడు వాళ్లే తిరిగి తీసుకోగలరు. పద్నాలుగుమందిదీ మీ పాన్ మీద పడితే ఆ లెక్కలు తేల్చడం మీకు ఏడాది పని, పైగా ఇన్ని లక్షలు ఎక్కడివని అడిగితే చెప్పుకోవాల్సిందీ మీరే. ఎవరి వాటా వాళ్లు తమ పాన్ ఇచ్చి తమ ఖాతా నుంచి కట్టి, ఎవరి బిల్లు వాళ్లు తీసుకోవాలి.

వీసాల దగ్గరికొస్తే, సింగపూర్‌కి మనకు వీసా తప్పనిసరి, ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు ఛార్జీ దీనికి అదనం. అది మనం కౌంటరుకెళ్లి తెచ్చుకునేది కాదు, వాళ్ల హైకమిషన్, కాన్సులేట్లు గుర్తించిన ఏజెంట్ల ద్వారానే పెట్టాలి. చెన్నైలో వాళ్ల కాన్సులేట్ ఉంది. మీ ఏజెంటు ఆ జాబితాలో ఉన్నాడా, ఇంకొకరి చేతికి ఇస్తున్నాడా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. మలేషియాకు 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఈ వెసులుబాటు 2026 చివరి దాకా అని ప్రకటించారు. రెండు దేశాలకూ దిగే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. రెండూ ఉచితమే. డబ్బులడిగే సైటు కనిపించిందంటే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి. పద్నాలుగుమందివి నింపే పని మీలో ఫోను బాగా వాడే ఇద్దరికి చెరో ఏడు చొప్పున అప్పగించండి.

సింగపూర్‌లో దిగి కౌలాలంపూర్ నుంచి తిరుగు విమానం ఎక్కేలా టికెట్లు అడగండి. మళ్లీ సింగపూర్‌కి వెనక్కి రావాల్సిన పని ఉండదు, ఒక రోజు కలిసొస్తుంది. ఆ రెండు నగరాల మధ్య 350 కిలోమీటర్లు, బస్సులో ఐదారు గంటలు. రోడ్డు బాగుంటుంది కానీ సరిహద్దు దగ్గర సామాన్లన్నీ దించుకుని ఇమిగ్రేషన్ గుండా లాక్కెళ్లి మళ్లీ బస్సెక్కాలి. అందుకే మనిషికి ఒక పెద్ద చక్రాల పెట్టె, ఒక చేతి సంచి, అంతకు మించొద్దు. తన పెట్టె తాను లాక్కోలేని మనిషి ఉంటే ఎవరు సాయం పడతారో ఇంటి దగ్గరే అనుకోండి. కౌలాలంపూర్ దగ్గర బటు గుహల్లో (బటు కేవ్స్) సుబ్రహ్మణ్యస్వామి గుడికి 272 మెట్లు. అలిపిరి మెట్లెక్కినవాళ్లం మాకిదో లెక్కా అనిపిస్తుంది, కానీ అవి నిటారుగా ఉంటాయి, మధ్యలో కూర్చోవడానికి మన దారిలోలా మండపాలు ఉండవు, కోతులు చేతి సంచులు లాక్కుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే కూర్చుని 140 అడుగుల స్వామి విగ్రహాన్ని తనివితీరా చూసుకోవచ్చు. సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, ప్యాకేజీలో లేకపోయినా ఒక పూట అడిగి పెట్టించుకోండి, ఆ చుట్టుపక్కలే మన ఇడ్లీ, అన్నం దొరికే శాకాహార హోటళ్లూ ఉన్నాయి. సుబ్రహ్మణ్యస్వామి పండుగ తైపూసం రోజుల్లో మాత్రం బటు గుహల వైపు పెట్టుకోవద్దు, జనసముద్రం.

తినేవాటి గురించి కచ్చితంగా చెప్పాల్సింది ఒకటుంది. గసగసాలు. మనం కుర్మాలోకి, మసాలా పొడిలోకి దంచి వేసుకుంటాం, సింగపూర్‌లో అవి మాదకద్రవ్యాల చట్టం కిందికొస్తాయి. ఇంట్లో కొట్టిన మసాలా పొడి ఏదీ పెట్టొద్దు. చెనక్కాయల పొడి, కందిపొడి, నిప్పట్లు, పులిహోర గుజ్జు శుభ్రంగా తీసుకెళ్లండి, పొడులూ ఊరగాయా పెద్ద పెట్టెలోనే, చేతి సంచిలో పెడితే చెన్నైలోనే తీసి పారేస్తారు. కోడి, మటన్ పచ్చళ్లు వద్దు, మన దేశం నుంచి మాంసంతో చేసినవి అక్కడికి రానివ్వరు. చూయింగ్ గమ్, ఖైనీ, గుట్కా కూడా నిషేధం. పూజ సామాన్లలో కర్పూరం, అగ్గిపెట్టె లేకుండా చూసుకోండి. పవర్ బ్యాంకు మాత్రం దీనికి తలకిందులు, అది చేతి సంచిలోనే ఉండాలి.

మందులు ఎవరివి వాళ్లు, ప్రయాణం రోజుల కంటే వారం ఎక్కువకు, కంపెనీ అట్టతో సహా, డాక్టరు చీటీతో. నిద్రమాత్రలు, కొన్ని దగ్గు మందులకు సింగపూర్‌లో ముందే అనుమతి కావాల్సి రావచ్చు, కాబట్టి అవి వాడేవాళ్లు దాచుకోకుండా ఇప్పుడే చెప్పాలి. ఇన్సూరెన్సు ఫారంలో బీపీ, షుగరు, పాత స్టెంటు ఏదున్నా రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాచిపెడితే అవసరం పడ్డ రోజు క్లెయిము పోతుంది.

ప్రశ్న: చిత్తూరులో మేం ఎనిమిదిమంది స్నేహితులం. డిసెంబరులో వియత్నాం అనుకుంటున్నాం. డబ్బు దగ్గర ఇప్పటికే మాటా మాటా వచ్చింది. ఒకడు తాగడు, ఒకడికి మంచి హోటలే కావాలి, ఇంకొకడు 'చూద్దాం లేరా' అంటూ అడ్వాన్సు ఇవ్వడం లేదు. వీసా మేమే పెట్టుకోవచ్చా? అక్కడ బైకులు తీసుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, 'చూద్దాం' అంటున్న అబ్బాయికి ఒక తేదీ చెప్పు, గ్రూపులో అందరి ముందూ కాదు, విడిగా ఫోను చేసి. చాలాసార్లు చేతిలో డబ్బు లేక అలా అంటారు, నలుగురిలో చెప్పుకోలేరు. ఆ తేదీలోగా కట్టకపోతే ఏడుగురికే బుక్ చేయండి, కోపం లేకుండా.

ఉమ్మడి డబ్బు అంటే గది, బండి, ఎంట్రీ టికెట్లు, మంచినీళ్లు, ఇంతవరకే. మందు, షాపింగు, మసాజులు ఎవరివి వాళ్లవి. ఇది ముందే తేలితే తాగని అబ్బాయికి బిల్లు పంచే గొడవే రాదు. డబ్బు ఒకరి దగ్గర, లెక్క రాయడం ఇంకొకరి చేత, రోజూ రాత్రి పడుకునే ముందు గ్రూపులో పెట్టాలి. ఊరికొచ్చాక తీరిగ్గా చూసుకుందాం అన్న లెక్క ఎప్పటికీ తేలదు. హోటల్ విషయంలో మధ్యస్థంగా ఒకటి ఎంచుకోండి, ఇంకా మంచిది కావాలన్న అబ్బాయి ఆ తేడా కట్టుకుని వేరే గది తీసుకోవచ్చు, తప్పేముంది.

వీసా మీరే పెట్టుకోండి, కష్టమేమీ కాదు. వియత్నాం ప్రభుత్వ సైటులో ఈ-వీసా, ఒకసారి వెళ్లడానికి 25 డాలర్లు, 90 రోజుల దాకా ఇస్తారు. ఏ ఎయిర్‌పోర్టులో దిగుతారో ఫారంలో ఎంచుకోవాలి, అందుకే టికెట్లు ఏ ఊరికో తేలాకే పెట్టండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి. వీసాలో తప్పుపడితే ఆ వీసాతో విమానం ఎక్కనివ్వరు. వచ్చాక రెండు ప్రింట్లు తీసుకోండి, ఫోను చార్జింగును నమ్ముకోవద్దు.

డబ్బు నోట్లు చూసి ఇవ్వండి. రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు, సున్నాలతో కళ్లు తిరుగుతాయి. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలం రంగే, రాత్రిపూట టాక్సీలో ఒకదానికి బదులు ఒకటి ఇచ్చేస్తారు. పెద్ద నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి. కార్డు మీద విదేశీ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుని వెళ్లండి. మిషను 'రూపాయల్లోనా, డాంగ్‌లలోనా' అని అడిగితే డాంగ్‌లే నొక్కండి, రూపాయల్లో అంటే రేటు దెబ్బ పడుతుంది.

బైకు విషయంలో మాత్రం వద్దనే చెబుతాను. మన దగ్గర ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు ఒప్పందం కిందిది, వియత్నాం చేరింది 1968 నాటి ఒప్పందంలో, కాబట్టి మనది అక్కడ చెల్లదు. అద్దెకిచ్చేవాడు లైసెన్సు అడగడు, బండి ఇచ్చేస్తాడు, పడి కాలు విరిగితే చెల్లే లైసెన్సు లేదని ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేయొచ్చు. ఘాట్ రోడ్లు చూడాలంటే అక్కడి వాళ్లే నడిపే బండి వెనక కూర్చుని వెళ్లే ఏర్పాట్లు ఉంటాయి. డిసెంబరులో హనోయ్ వైపు చలి, స్వెట్టరు కావాలి. డానాంగ్, హోయ్ ఆన్ వైపు వానలు ఇంకా పూర్తిగా తగ్గవు. దక్షిణాన హోచిమిన్ సిటీ దగ్గర ఎండ. మూడింటికీ సరిపడా సర్దుకోండి.

ప్రశ్న: మాది పలమనేరు. మూడు కుటుంబాలం కలిసి మలేషియా వెళ్తున్నాం. చెన్నై మంచిదా, బెంగళూరా? రేణిగుంట నుంచి కుదరదా? మా అమ్మ ఇన్సులిన్ వాడుతుంది, విమానంలో ఇబ్బంది ఉంటుందా?

జవాబు: రేణిగుంటకు 2017లోనే అంతర్జాతీయ హోదా ఇచ్చారు కానీ అక్కడి నుంచి విదేశాలకు రోజువారీ విమానాలు నడవడం లేదు. హైదరాబాదు మీదుగా వెళ్లొచ్చు, అలా వెళ్తే రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదాని డబ్బు పోయినట్టే. మీకు బెంగళూరే దగ్గర. ముళబాగిలు, కోలారు దాటి హోస్కోటే దగ్గరే తిరిగితే ఊళ్లోకి పోకుండా దేవనహళ్లి చేరతారు. తిరుపతి, పుత్తూరు, నగరి వాళ్లకైతే చెన్నై.

ఎక్కడి నుంచి ఎక్కినా టికెట్టు మీద టైము 24 గంటల లెక్కలో చదవండి. 12వ తేదీ 00:40 అంటే 11వ తేదీ రాత్రి భోజనాలయ్యాక వచ్చే అర్ధరాత్రి అని అర్థం. దాన్ని 12వ తేదీ రాత్రి అనుకుని మర్నాడు తాపీగా బయల్దేరినవాళ్లను నేను చూశాను. పలమనేరులో 11న మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు బండెక్కితే విమానానికి మూడు గంటల కంటే ముందే ఎయిర్‌పోర్టులో ఉంటారు, దారిలో టైరు పంచరైనా టెన్షన్ ఉండదు.

ఇన్సులిన్‌కు ఇబ్బంది లేదు, పెద్ద పెట్టెలో మాత్రం పెట్టకండి, విమానం అడుగున చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకడితే ఇక పనిచేయదు. చేతి సంచిలో చల్లటి పౌచ్‌లో, డాక్టరు ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీతో పెట్టండి, సెక్యూరిటీ దగ్గర అడక్కముందే తీసి చూపించండి. సగం మీ సంచిలో, సగం ఆమె సంచిలో ఉంచితే ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. మలేషియా టైము మనకంటే రెండున్నర గంటలు ముందు, రాత్రి డోసు ఎప్పుడు వేయాలో డాక్టరును అడిగి ఒక చీటీ మీద రాసుకోండి. రెండు బిస్కెట్ ప్యాకెట్లు, కాస్త చక్కెర ఆమె చేతికి అందేలా ఉంచండి, నడవ పక్క సీటు అమ్మకిచ్చి మీరు పక్కన కూర్చోండి.